డిప్లాయ్ అంటే అన్నిచోట్లా మోహరించడమేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. బలగాలను డిప్లాయ్ చేశారని ఇంగ్లీషు పత్రిక రాస్తే మన పత్రిక మోహరించారని రాస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కోడ్ డిప్లాయ్ చేశామంటారు. బీమా సర్వేయరు ఎయిర్‌బ్యాగ్ డిప్లాయ్ అయిందని రాస్తాడు. ఇస్రో సోలార్ ప్యానెల్ డిప్లాయ్ అయిందంటుంది. ఇవన్నీ ఒకే మాటా? నిఘంటువులో ఉన్న ‘మోహరించు’ అన్నిటికీ సరిపోతుందా? ప్రశ్న అడిగినవారు చివర్లో అనువాదం కోసం ఒక వాక్యం కూడా ఇచ్చారు: తుపాను ముందు ప్రభుత్వం పది బృందాలను, డ్రోన్లను, ఒక మొబైల్ యాప్‌ను డిప్లాయ్ చేసింది, తెలుగులో ఎలా రాయాలి అని.

ఇంగ్లీషులో అన్నీ ఒకే మాట, ఒకే అర్థం. తెలుగులో మాత్రం ఒకే మాటతో పని జరగదు. కారణం తెలియాలంటే ఆ మాట పుట్టిన చోటికి వెళ్లాలి.

మూలం లాటిన్‌లోని ‘ప్లికారే’, అంటే మడవడం. దానికి ముందు ‘డిస్’ చేరితే మడత విప్పడం. ఇది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి, మధ్యయుగంలో, ‘డిస్‌ప్లే’గా వచ్చింది: జెండా మడత విప్పి చూపించడం. రెండోసారి, 18వ శతాబ్దం చివర్లో, సైనిక పరిభాషగా ‘డిప్లాయ్’ అయింది. కాబట్టి డిస్‌ప్లే, డిప్లాయ్ అక్కాచెల్లెళ్లు. ఎంప్లాయ్, అప్లై, రిప్లై, ఇంప్లై, డూప్లికేట్, కాంప్లికేటెడ్, ఎక్స్‌ప్లిసిట్ కూడా ఆ ఇంటివే. పొర మీద పొర వేసి అతికించే ప్లైవుడ్‌లోని ‘ప్లై’ కూడా అదే. కంప్లై, సప్లై మాత్రం ఈ కుటుంబంలోవి కావు. అవి ‘నింపడం’ అన్న వేరే ధాతువు నుంచి వచ్చాయి. చెవికి ఒకేలా వినిపిస్తాయని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు.

సైన్యంలో మడత ఏమిటి, విప్పడం ఏమిటి? 18వ శతాబ్దపు యూరప్‌లో 600 మంది ఉన్న ఒక పదాతి బెటాలియన్‌ను తీసుకోండి. దాన్ని ఎనిమిది ప్లటూన్లుగా విడదీస్తే ఒక్కోదానిలో 75 మంది. ఒక్కో ప్లటూన్ మూడు వరుసల్లో, వరుసకు 25 మందితో నిలబడుతుంది. దారి మీద నడిచేటప్పుడు ఈ ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి పోతాయి. మనిషికి రెండడుగుల చొప్పున చూస్తే ఆ దండు వెడల్పు 50 అడుగులే. వంతెన దాటుతుంది, సందుల్లో దూరుతుంది, వేగంగా కదులుతుంది. దాన్ని కాలమ్ అంటారు. అయితే అలా ఉన్నప్పుడు శత్రువు ఎదురైతే తుపాకీ పేల్చగలిగేది ముందున్న 75 మందే. మిగతా 525 మంది ముందువాళ్ల వీపులు చూస్తూ నిలబడాలి.

ఎనిమిది ప్లటూన్లూ పక్కపక్కన నిలబడితే వరుసకు 200 మంది, 400 అడుగుల వెడల్పు, 600 తుపాకులూ శత్రువు వైపే. దాన్ని లైన్ అంటారు. కాలమ్ నుంచి లైన్‌లోకి మారడమే డిప్లాయ్. ముందు ప్లటూన్ ఆగుతుంది. వెనకున్నవి ఏటవాలుగా పక్కలకు జరిగి, ముందుకొచ్చి, దాని సరసన నిలుస్తాయి. కొత్తగా ఒక్క మనిషి కూడా చేరలేదు. ఉన్నవాళ్లే, మడత విప్పిన చీర పరుచుకున్నట్టు పరుచుకున్నారు.

ఎప్పుడు విప్పాలి అన్నదే ఆ రోజుల్లో సేనాపతి నేర్పు. మరీ ముందే విప్పితే 400 అడుగుల వరుస గతుకులు, కంచెలు, కాలవలు దాటుతూ ముందుకు పోవాలి; నాలుగడుగులకోసారి వంకరపోతుంది, సర్దుకోవడానికి ఆగాల్సి వస్తుంది. ఆలస్యం చేస్తే తూటాల మధ్య విప్పాల్సి వస్తుంది. 1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయేరా దగ్గర ఫ్రెంచి దళాలకు జరిగింది ఈ రెండోదే. ఒత్తుగా ఉన్న కాలమ్‌లతో ముందుకొచ్చి, బ్రిటిష్ తుపాకుల ఎదుట లైన్‌లోకి విచ్చుకోవాలని చూసి, విచ్చుకోలేకపోయాయి. ఫ్రెంచి అధికారి గిబేర్ 1772 నాటికే ఈ మార్పును ఎంత త్వరగా, ఎంత తేలిగ్గా చేయవచ్చో రాశాడు. ఆ కాలపు సైనిక ఆలోచనంతా దాని చుట్టూనే తిరిగింది. లైన్ నుంచి మళ్లీ కాలమ్‌లోకి ముడుచుకోవడానికి 19వ శతాబ్దపు అమెరికన్ డ్రిల్ పుస్తకాల్లో ‘ప్లాయ్’ అని విడిగా ఒక మాట ఉండేది. అది పోయింది, డిప్లాయ్ మిగిలింది.

ఈ బొమ్మ మనసులో పెట్టుకుంటే ఇంగ్లీషు వాడుకలన్నీ దారికొస్తాయి. డిప్లాయ్ అనాలంటే మూడు ఉండాలి. వస్తువో మనుషులో ముందే సిద్ధంగా ఉండాలి. ఇప్పటిదాకా ముడుచుకునో, వెనకనో, గోదాములోనో ఉండాలి. ఇప్పుడు పనిచేయగలిగే చోటికి, పనిచేయగలిగే రూపంలోకి రావాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మాట అతకదు. ‘కొత్త ప్లాన్‌ను డిప్లాయ్ చేశాం’ అంటే ఇంగ్లీషువాళ్ల చెవికి ఎబ్బెట్టు. ప్లాన్‌ను ఇంప్లిమెంట్ చేస్తారు. ‘మా కంపెనీని హైదరాబాద్‌లో డిప్లాయ్ చేశాం’ అన్నా తప్పే; కంపెనీని నెలకొల్పుతారు, అది అంతకుముందు ఎక్కడా మడతపెట్టి లేదు.

ఇక మన మాట సంగతి. ‘మోహరించు’ డిప్లాయ్‌కి అరువు మాట కాదు, అర్థంలో సొంత తోబుట్టువు. పాత కావ్యాల్లో యుద్ధవర్ణనలు వచ్చినచోట మోహరం అంటే బారులు తీరిన సేన. బారు అంటే వరుస. ‘బారులు తీరారు’ అన్నప్పుడు మనం చెబుతున్నది వరుసలుగా నిలబడ్డారనే. సంస్కృతం వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. గీత మొదటి అధ్యాయం రెండో శ్లోకంలో దుర్యోధనుడు పాండవసేనను ‘వ్యూఢం’గా చూశాడని ఉంది, అంటే వ్యూహంగా పరుచుకుని ఉండగా. వ్యూఢోరస్కుడు అంటే విశాలమైన ఛాతీ ఉన్నవాడు. ఒకే ‘వ్యూఢ’ అటు పరుచుకున్న సేనకూ ఇటు విచ్చుకున్న ఛాతీకీ సరిపోయింది. లాటిన్‌వాడు గుడ్డ మడతలో చూసినదాన్ని మనవాళ్లు విశాలతలో చూశారు. ‘దండు విడిసింది’ మాత్రం దీనికి ఎదురు: ఆ మాటకు అర్థం సేన ఆగి గుడారాలు వేసుకుందని. చారిత్రక రచనలు అనువదించేవాళ్లు ఈ రెంటినీ కలిపేయకూడదు.

అక్షరాల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. సరైన రూపం ‘మోహరించు’, మో దీర్ఘం. పత్రికల్లో ‘మొహరించారు’ అని హ్రస్వంతో తరచూ కనిపిస్తోంది, బహుశా మొహర్రం మాట ప్రభావం కావచ్చు. ఆ రెంటికీ సంబంధం లేదు.

మోహరించు అన్న మాటలో ఎదుట ఒక శత్రువో ముప్పో ఉన్న ధ్వని గట్టిగా ఉంది. డిప్లాయ్‌లో ఆ ధ్వని రెండు వందల ఏళ్లలో అరిగిపోయింది, మోహరించులో అరగలేదు. అందుకే సరిహద్దులో సైన్యాన్ని, అల్లర్లు జరిగే ఊళ్లో కేంద్ర బలగాలను మోహరించారంటే చక్కగా ఉంటుంది. జాతరకు వెయ్యిమంది పోలీసులను మోహరించారంటే కాస్త బరువు ఎక్కువైనా నడుస్తుంది. అక్కడ మన ఊళ్లో అనే మాట బందోబస్తు. ‘వెయ్యిమందితో బందోబస్తు’ అంటే అయిపోయింది. గొడవ జరిగిన సందులో నలుగురు పోలీసులు రాత్రంతా కూర్చుంటే అది పికెట్ (అదీ ఫ్రెంచి సైనిక పదమే, మన పోలీసు స్టేషన్లలో తెలుగైపోయింది). కానీ ‘వరద గ్రామాల్లో వైద్యులను మోహరించారు’, ‘పాఠశాలల్లో ఉపాధ్యాయులను మోహరించారు’ అని రాస్తే తప్పే. వైద్యులు జనం మీదికి యుద్ధానికి వచ్చినట్టుంటుంది. వైద్యులను పంపారు, రంగంలోకి దించారు, వైద్య శిబిరాలు పెట్టారు. ఉపాధ్యాయులను నియమించారు, సర్దుబాటు చేశారు.

ఉద్యోగాల దగ్గర పోస్టింగ్, డెప్యుటేషన్, డిప్లాయ్‌మెంట్ అన్న మూడూ కలగాపులగం అవుతుంటాయి. పోస్టింగ్ అంటే ఫలానా పోస్టులో, ఫలానా ఆఫీసులో మీ స్థానం. డెప్యుటేషన్ అంటే మీ మాతృశాఖ మీదే అయినా కొంతకాలం ఇంకొకరి అధీనంలో పనిచేయడం. అది చట్టపరమైన స్థితి. డిప్లాయ్‌మెంట్ అంటే మిమ్మల్ని ఏ రోజున ఏ చోట పనిలో నిలబెట్టారన్నది. ఎన్నికల విధుల్లో ఈ మూడూ ఒకే మనిషి మీద కనిపిస్తాయి. ఒక జూనియర్ అసిస్టెంటు పోస్టింగ్ మండల కార్యాలయంలో. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షన్ ప్రకారం, పోలింగ్ అధికారిగా నియమితులైనవాళ్లు ఫలితాల ప్రకటన దాకా ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క. వాళ్లను మూడు దశల్లో ర్యాండమైజేషన్ (లాటరీలా యాదృచ్ఛికంగా ఎంచడం) చేస్తారు: మొదట మనుషుల ఎంపిక, తర్వాత జట్టు కూర్పు, చివర్లో ఏ జట్టు ఏ కేంద్రానికన్నది. ఆ మూడో దశలో ఫలానా కేంద్రానికి పంపడమే డిప్లాయ్‌మెంట్. తెలుగు ఉత్తర్వుల్లో దీనికి ‘కేటాయింపు’ అన్న మాట బాగా అతుకుతుంది. బూత్‌కు పోలింగ్ సిబ్బందిని కేటాయించారు, బూత్ బయట బలగాలను మోహరించారు. రెండు చోట్లా ఇంగ్లీషు మాట ఒకటే.

మిగులు సిబ్బందిని వేరే విభాగానికి మార్చడాన్ని రీడిప్లాయ్‌మెంట్ అంటారు. ఉద్యోగం పోలేదు, చోటు మారింది. ఉత్తర్వులో ఆ మాట కనబడగానే తొలగింపు అనుకుని కంగారుపడేవాళ్లు ఉంటారు. దానికి ‘పునర్విన్యాసం’ లాంటి మాట పుట్టిస్తే చదివేవాడికి ఇంకా భయం. ‘వేరే విభాగానికి సర్దుబాటు’ అని రాస్తే చాలు.

విపత్తుల వార్తల్లో ఇంకో తేడా గమనించాలి. తుపాను తీరం దాటడానికి రెండు రోజుల ముందు ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు జిల్లా కేంద్రాలకు చేరి సిద్ధంగా కూర్చుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది కృష్ణా జిల్లా కొండపావులూరులోని పదో బెటాలియన్. ఈ ముందస్తు చేరికను ఇంగ్లీషు ప్రకటనల్లో ప్రీపొజిషన్డ్ అని విడిగా అంటారు. తుపాను వచ్చాక పడవలు దించి, రంపాలతో చెట్లు కోస్తూ పనిలో దిగినప్పుడు అది అసలు డిప్లాయ్‌మెంట్. మొదటిదానికి ‘సిద్ధంగా ఉంచారు’, రెండోదానికి ‘రంగంలోకి దిగారు’ అని రాయాలి. రెండింటికీ మోహరించారని రాస్తే, సాయం వచ్చి పడిందో ఇంకా దారిలో ఉందో ముంపు ఊళ్లో ఉన్న చదువరికి తెలియదు. వాళ్లకు ఆ తేడా ప్రాణం మీది తేడా.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు. క్షిపణులను డిప్లాయ్ చేశారన్న వాక్యాన్ని ‘క్షిపణులను ప్రయోగించారు’ అని అనువదించడం. డిప్లాయ్ అంటే ‘వాడటం’ అని ఎవరో చెబితే, ఆయుధాన్ని వాడటం అంటే ప్రయోగించడమే కదా అనుకుని జరిగే పొరపాటు ఇది. 1962లో సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులను డిప్లాయ్ చేసింది. ఒక్కటీ పేల్చలేదు. అక్కడికి చేర్చి, పేల్చడానికి సిద్ధంగా నిలబెట్టడమే ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తెచ్చింది. ‘ప్రయోగించింది’ అని రాస్తే క్యూబా నుంచి అమెరికా మీద అణుదాడి జరిగిందని రాసినట్టు. క్షిపణులు, ఫిరంగులు, యుద్ధవిమానాలు, రాడార్లు డిప్లాయ్ అయ్యాయంటే మోహరించారు లేదా నెలకొల్పారు, అంతే. పేల్చితే ఇంగ్లీషులో ఫైర్ లేదా లాంచ్ అంటారు.

దీనికి ఎదురు నడిచే వాడుక కూడా ఉంది, ముఖ్యంగా అమెరికా పోలీసు నివేదికల్లో. ‘పోలీస్ డిప్లాయ్డ్ టియర్ గ్యాస్’ అంటే బాష్పవాయువు నిజంగానే వదిలారు. టేజర్ (కరెంటు షాక్ ఇచ్చే తుపాకీ) డిప్లాయ్ చేశారంటే విద్యుత్ తీగలను మనిషి మీదికి వదిలారు. ఇక్కడ ‘ప్రయోగించారు’ సరైన మాట. తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఆ వస్తువు చోటులో నిలిచి కాచుకుని ఉండేదా, విప్పగానే ఖర్చైపోయేదా? కాచుకునేదైతే మోహరింపు, ఖర్చయ్యేదైతే ప్రయోగం. బాష్పవాయువు గుండును మోహరించలేరు. దాన్ని పట్టుకున్న పోలీసును మోహరించగలరు.

నౌకాదళంలో డిప్లాయ్‌మెంట్ నామవాచకంగా ఎక్కువ. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కమాండ్ నుంచి ఒక నౌక ఆపరేషనల్ డిప్లాయ్‌మెంట్ మీద ఉందంటే, రేవు వదిలి విధులమీద సముద్రంలో ఉందని. అమెరికా సైనికుడు ‘నావి రెండు డిప్లాయ్‌మెంట్లు అయ్యాయి’ అంటే రెండు దఫాలు బయటి విధుల్లో గడిపాడని. ఇక్కడ ‘దఫా’ లేదా ‘విడత’ కలిపి చెప్పాలి. మోహరింపులు రెండు అంటే అర్థం కాదు. ఈ వాడుక అమెరికాలో ఎంత గట్టిదంటే, అక్కడ ఒక మనిషి గురించి ‘డిప్లాయ్డ్’ అనగానే సైనికుడే గుర్తొస్తాడు. అక్కడ పనిచేసే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు రెజ్యూమెలో ‘క్లయింట్ దగ్గర డిప్లాయ్ అయ్యాను’ అని రాస్తుంటారు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో అది మామూలు మాట, తప్పేమీ లేదు. అమెరికా చదువరికి మాత్రం ‘అసైన్డ్ టు’ అని రాయండి. డిప్లాయ్‌ని మీరు తయారుచేసిన అప్లికేషన్ కోసం దాచుకోండి.

యంత్రాల దగ్గర మాట మళ్లీ పుట్టింటికి వస్తుంది, నిజంగానే మడత విప్పుకుంటుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. తర్వాత రెండు ముక్కలుగా ముడుచుకుని ఉన్న ర్యాంప్ విచ్చుకుంది, ప్రజ్ఞాన్ రోవర్ సౌరఫలకం తెరుచుకుని కరెంటు అందించింది, రోవర్ ర్యాంప్ మీదుగా కిందికి దొర్లింది. ఆ యాత్ర మొత్తంలో ఇలాంటి డిప్లాయ్‌మెంట్ యంత్రాంగాలు 26 ఉన్నాయని ఇస్రో చెప్పింది. అవి బెంగళూరు యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో తయారయ్యాయి. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-6 యాంటెనా వ్యాసం ఆరు మీటర్లు. అది ఆ వెడల్పుతో రాకెట్ తలభాగంలో పట్టదు. గొడుగులా ముడిచి పంపి, కక్ష్యలో విప్పారు. రాకెట్‌లో పట్టడానికి కాలమ్, పనిచేయడానికి లైన్! ఇక్కడ తెలుగు ‘విచ్చుకుంది’ అన్న మాటను మించింది లేదు. ఫలకాలు మోహరించాయని రాస్తే నవ్వు రాదు కానీ అర్థం పోతుంది. అదే ఉపగ్రహాన్ని రాకెట్ డిప్లాయ్ చేసిందంటే విడిచిపెట్టిందని, అంటే కక్ష్యలో ప్రవేశపెట్టిందని. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ-సి37 ఒకే ప్రయాణంలో 104 ఉపగ్రహాలను అలా విడిచింది. రాకెట్ ఉపగ్రహాన్ని ప్రవేశపెడుతుంది, ఉపగ్రహం ఫలకాలను విప్పుకుంటుంది. వార్త రాసేటప్పుడు కర్త ఎవరో చూసి క్రియ ఎంచుకోవాలి.

ఎయిర్‌బ్యాగ్ కూడా ఇదే వరుస. స్టీరింగ్‌లో మడతపెట్టి ఉన్న సంచి గుద్దుకున్న క్షణంలో గ్యాస్‌తో తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో ‘ది ఎయిర్‌బ్యాగ్ డిప్లాయ్డ్’ అని కర్తరిలోనే అంటారు, ‘వాజ్’ అవసరం లేదు. తెలుగులోనూ ‘ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది’ అని అకర్మకంగానే అంటాం. బీమా క్లెయిమ్‌లో ‘ఎయిర్‌బ్యాగ్ డిప్లాయ్డ్: ఎస్’ అని ఉంటే సంచి బయటికొచ్చిందనే, ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్‌ను మళ్లీ మడిచి పెట్టరు, ఆ భాగాన్ని మార్చాలి. దాని ఖర్చు అంచనాలో వచ్చిందో లేదో చూసుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో ఇది పైపై ఉపమానం అనుకుంటారు. కాదు. జావా అప్లికేషన్‌ను టామ్‌క్యాట్ అనే సర్వర్ మీద పెట్టేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ప్రోగ్రాం మొత్తం వార్ ఫైలుగా కట్టి ఉంటుంది. ఈ వార్‌కు యుద్ధంతో సంబంధం లేదు, వెబ్ అప్లికేషన్ ఆర్కైవ్‌కు పొట్టిపేరు. అదొక జిప్ మూట. దాన్ని వెబ్‌యాప్స్ ఫోల్డరులో పెట్టగానే టామ్‌క్యాట్ మూట విప్పి, ఫోల్డర్లుగా పరిచి, ప్రోగ్రామ్‌ను నడపడం మొదలుపెడుతుంది. మడత విప్పడం అక్షరాలా జరిగింది. అందుకే బిల్డ్ అంటే మూట కట్టడం, డిప్లాయ్ అంటే మూటను సర్వర్ మీద విప్పి నడపడం. ఇన్‌స్టాల్ అంటే మామూలుగా ఒక యంత్రంలో ఎక్కించడం. రిలీజ్ అంటే వాడేవాళ్లకు అందుబాటులోకి తేవడం. డిప్లాయ్ అయినా రిలీజ్ కాకపోవచ్చు: కొత్త ఫీచర్ ప్రొడక్షన్‌లో (జనం వాడే అసలు సర్వర్లలో) ఉంటుంది, స్విచ్ మాత్రం ఆపి ఉంటుంది. ‘డిప్లాయ్ అయింది, ఎందుకు కనబడటం లేదు?’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. మిగతా సార్లు స్టేజింగ్‌లో (ముందుగా పరీక్షించే సర్వర్‌లో) ఉన్న సెట్టింగ్ ప్రొడక్షన్‌లో లేకపోవడం, డేటాబేస్ మార్పులు నడపడం మరచిపోవడం, పాత ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేయకపోవడం.

ఈ మాటలో ‘పరుచుకోవడం’ అన్న అర్థాన్ని మరిచిపోతే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ చూపించింది. వాళ్ల ఆర్డర్లు పంపే సర్వర్లు ఎనిమిది. కొత్త కోడ్ ఏడింటికి చేరింది, ఎనిమిదోదానికి చేరలేదు. కొత్త కోడ్ కోసం తిరిగి వాడుకున్న ఒక స్విచ్, ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడ్‌ను లేపింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. కంగారులో సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో తప్పు వాటికీ పాకింది. ఎనిమిదిలో ఏడు ప్లటూన్లే లైన్‌లోకి వస్తే ఆ లైన్ లైన్ కాదు. అందుకే ‘డిప్లాయ్ చేశాను’ అనేముందు ఎన్ని చోట్లకు చేరాలి, ఎన్ని చోట్ల కొత్త వెర్షన్ నంబరు కనిపిస్తోంది అని లెక్క సరిచూడాలి. తెలుగులో దీనికి ‘మోహరించడం’ అని కొందరు అనువాదకులు పట్టుబట్టి పెడుతున్నారు. వద్దు. డెవలపర్ల మధ్య ‘డిప్లాయ్ చేశాం’ తెలుగే. జనం కోసం రాసేటప్పుడు ‘వాడుకలోకి తెచ్చారు’ చాలు.

డబ్బు విషయంలో నిధులు డిప్లాయ్ చేయడం అంటే చేతిలో ఊరికే ఉన్న డబ్బును రాబడి వచ్చేచోట పెట్టడం. రిజర్వ్ బ్యాంకు ఏ రంగానికి ఎంత అప్పు వెళ్లిందో చెప్పే నెలవారీ లెక్కకు పేరు ‘సెక్టోరల్ డిప్లాయ్‌మెంట్ ఆఫ్ బ్యాంక్ క్రెడిట్’. తెలుగులో ‘రంగాలవారీగా బ్యాంకు రుణాలు’ అంటే సరి. డిప్లాయ్‌మెంట్‌కు విడిగా మాట అక్కర్లేదు.

ఎక్కడ ఏ మాట వేయాలో తేలకపోతే వ్యతిరేకపదం వెతకండి. బలగాలైతే ఉపసంహరిస్తారు. సౌరఫలకమైతే ముడుస్తారు. కోడ్ అయితే వెనక్కి తీస్తారు, టామ్‌క్యాట్‌లో అయితే అన్‌డిప్లాయ్ అన్న బటనే ఉంది. పెట్టుబడి అయితే వెనక్కి తీసుకుంటారు. బాష్పవాయువుకు వ్యతిరేకం లేదు. ఏ వ్యతిరేకం అతికితే దానికి జోడైన తెలుగు క్రియే మీకు కావలసింది.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు విభక్తుల మాట. కదలిక చెప్పాలంటే ‘టు’: ఫలానా జిల్లాకు. ఉన్న చోటు చెప్పాలంటే ‘ఇన్’ లేదా ‘ఎట్’: జిల్లాలో, బూత్ దగ్గర. పొడవునా అయితే ‘ఎలాంగ్’: సరిహద్దు వెంట. ఎవరి మీద అన్నది ‘అగైనెస్ట్’. ప్రొడక్షన్ సర్వర్‌కు కోడ్ పంపితే ‘టు ప్రొడక్షన్’. ‘ఇన్‌టు ప్రొడక్షన్’ కూడా వింటాం, ‘ఆన్ ప్రొడక్షన్’ మాత్రం రాయకండి. ‘ఆన్’ సర్వర్ పేరుతో వస్తుంది. పలికేటప్పుడు ఒత్తు ‘ప్లాయ్’ మీద పడాలి, ‘డి’ మీద కాదు.

ఇక మీరిచ్చిన వాక్యం. ఇంగ్లీషులో ఒక్క క్రియ మూడు కర్మలను మోస్తోంది. తెలుగులో మూడు క్రియలుగా విడగొట్టండి: “తుపాను ముప్పు దృష్ట్యా ప్రభుత్వం పది సహాయక బృందాలను తీర జిల్లాల్లో సిద్ధంగా ఉంచింది. పరిస్థితిని గమనించేందుకు డ్రోన్లను రంగంలోకి దించింది. ఫిర్యాదుల కోసం మొబైల్ యాప్‌ను అందుబాటులోకి తెచ్చింది.” ఇందులో బృందాలకు ‘సిద్ధంగా ఉంచింది’ అన్నది, మీ ఇంగ్లీషు వాక్యంలో తుపాను ఇంకా రాలేదు కాబట్టి. అది తీరం దాటాక రాసిన వార్త అయితే ఆ ఒక్క క్రియా ‘సహాయక చర్యల్లోకి దించింది’ అని మారుతుంది; మిగతా రెండూ అలాగే ఉంటాయి.